మాఫ్ వద్దన్న మార్కర్

మీరు ఏ దేవుణ్ణి మొక్కితే ఆ దేవుని మీద ఒట్టు, నేను రాసేదాంట్ల ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఒట్లు వేసుడు నాకు కొత్త కాదు గాని ఇది వేరే ఒట్టు. తానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని, తూర్పు దిక్కు తిరిగి కూసోని, పైకి చదువుకుంట రాస్తున్న. మా ఇంటామె తలుపు దగ్గర నిలబడి ఇంతవరకు విన్నది. లోపటికి పోయింది. కొంచెంసేపటికి వంటింట్ల నుంచి నవ్వు వినబడ్డది. అది ఆమె ఇష్టం. మీరు మాత్రం నమ్మాలె.

నేను మార్కర్ పని చేసినోణ్ణి. ఇప్పటి పిల్లలకు మార్కరంటే ఎవరో తెల్వదు. బిలియర్డ్స్ బల్ల పక్కన నిలబడి లెక్క చెప్పేటోడు. పాకెట్ల పడ్డ రంగు బంతులను తీసి మళ్ల వాటి జాగల పెట్టేటోడు. కట్టె కొనకు రాసుకునే చాక్ అందించేటోడు. బల్ల మీది ఆకుపచ్చ బనాతును బ్రష్షుతోటి దువ్వేటోడు. ఆడేటాయన గురి తప్పితే "హార్డ్ లక్ సర్కార్" అని బాధపడేటోడు. అన్నిట్ల ఈ ఆఖరి పనే కష్టం. పొద్దుందాక బాధపడాలంటే ఎంతని పడతం.

మా తాత మగ్గం నేసిండు. మా నాయన మగ్గం విడిచి పట్నమొచ్చి అమీర్‌పేటల కుట్టుమిషన్ పెట్టిండు. నేను మిషన్ విడిచి కట్టె పట్టిన. మా నాయన లెక్కల మా వంశం మెట్టు మెట్టు దిగుకుంట వస్తున్నది. కాని ఆయన కండ్లు మసకబారి సూదిల దారం ఎక్కని రోజులొచ్చినంక ఇంట్ల పొయ్యి రాజేసింది ఆ కట్టెనే. ఇది మీరు మనసుల పెట్టుకోండ్రి.

కొలువు పంజగుట్టల ఒక జాగీర్దారు బంగళాల. ఆయనను మేమందరం సర్కార్ అనేటోళ్లం. అప్పట్ల పంజగుట్టంటే రాళ్లు, సీతాఫలం పొదలు, నడుమ నడుమ పెద్దోళ్ల తోటలు. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. బేగంపేట నుంచి విమానాలు లేస్తే మా కిటికీ అద్దాలు గజగజ వణికేటివి. బల్ల మాత్రం కదిలేది కాదు. బనాతు కింద రాతి పలకలు ఉండె మరి. స్టేషన్ నుంచి దాన్ని తెచ్చిన ఎద్దులు బంగళా వాకిట్ల బల్ల దించంగనే కొలువుకు రాజీనామా ఇచ్చి మేత మానేసినయని పాత నౌకర్లు చెప్పేటోళ్లు. నేను చూడలేదు గాని, చెప్పినోళ్లు మంచోళ్లు.

మేము ఆడింది స్నూకర్. మా దగ్గర మాత్రం అన్నిటికి ఒకటే పేరు, పూల్. తెల్ల బంతిని కట్టెతోటి కొట్టి, దానితోటి ఎర్రబంతిని ఒకసారి, రంగు బంతిని ఒకసారి పాకెట్ల ఎయ్యాలె. ఎర్రవి అయిపోయినంక రంగులు వరుసగ. చివరికి గులాబీ, దానికి ఆరు పాయింట్లు; ఆఖర్న నలుపు, దానికి ఏడు. ఆడేటప్పుడు చెయ్యి గాని బట్ట గాని ఏ బంతికి తగిలినా ఫౌల్. ఫౌల్‌కు నాలుగు పాయింట్లు, నలుపుకు తగిలితె ఏడు, ఎదుటాయనకు పోతయి. ఇంత తెలిస్తే చాలు, మిగతాది మీ ఈడు పిల్లలు నాకంటె బాగ ఆడుతున్నరని విన్న.

రూలు ఇది. మా బంగళాల దీని మీద ఇంకో రూలుండె. దాని పేరు మాఫ్.

ఎవరన్న ఫౌల్ చేసిన్రనుకోండ్రి. నేను గొంతెత్తి "ఫౌల్, నాలుగు" అనాలె. వెంటనే ఎదుటాయన చెయ్యి గుండె మీద పెట్టుకొని "మాఫ్" అనాలె. నేను లెక్క బోర్డు మీద జరిపిన ముల్లును మళ్ల వెనకకు జరపాలె. ఫౌల్ చేసినాయన సలాం చేసి అదే దెబ్బ మళ్ల కొట్టుకుంటడు. ఇట్ల మాఫ్ అనేది పెద్దోళ్ల నడుమ పాన్‌దాన్ లెక్క తిరిగేది. ఒకసారి విమానం చప్పుడుకు పాకెట్ అంచున ఆగిన బంతి జారి లోపల పడ్డది. ఆ పాయింటు "మీది" అంటె "కాదు మీది" అని సర్కారు, ఆయన దోస్తు పొద్దు గూకేదాక మర్యాద చేసుకున్నరు. ఆఖరికి ఆ పాయింటు విమానానికి రాయమన్నరు. రాసిన.

సర్కారు మనిషి బంగారం. గురి తప్పుట్ల మాత్రం ఆయనకు ఆయనే సాటి. ఆయన ఇంట్ల ఆయనను ఓడగొట్టుడు బేఅదబీ కాబట్టి అందరూ కష్టపడి ఓడేటోళ్లు. ఆయన గెలుస్తుంటె ఆటగానిగ పేరొచ్చిందనుకునేటోరు.

ఆ గదిల మాఫ్ తెల్వని మనిషి ఒక్కరే. పాదిరీల మిషన్ బడిల లెక్కల మాస్టరుగారు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు, మెడ కింది గుండీ దాక పెట్టుకునేటోరు. సర్కారు కొడుకులకు చదువు చెప్పేటందుకు వచ్చి ఆటల పడ్డరు. మాస్టరుగారు ఫౌల్ చేస్తె మాఫ్ అనుడు ఎదుటోళ్లు మర్చిపోయేటోళ్లు. జాగీరు లేదు కద. మాస్టరుగారు సుత ఎవరికీ మాఫ్ ఇయ్యకపోయేది.

"ఏంటయ్యా ఇది, ఆటా, వియ్యాలవారి మర్యాదా?" అని నా చెవిల అనేటోరు.

"మీరు గట్టిగ అనకుండ్రి సార్, నా కొలువు పోతది."

"గట్టిగా అంటే నాదీ పోద్ది. అందుకే నీ చెవిలో అంటున్నాను."

పొద్దున్న బడికి పోకముందు వచ్చేటోరు. సర్కారు లేవకముందు బల్ల దువ్వి, బంతి సాఫ్‌గ ఉరుకుతున్నదా లేదా చూసుడు నా పని. ఆ చూసుడే మా ఆట. ఏండ్ల తరబడి చూసినం. మా ఇద్దరి ఆటల మాఫ్ లేదు. ఎవరి ఫౌల్ వాళ్లే చెప్పుకోవాలె. ఆయన చెప్పుకునేటోరు. నేనైతె మార్కర్ని, కండ్లు మూసుకున్నా నా నోరు ఫౌల్ అనేది.

ఇగ ఆ రోజు సంగతి.

ఏటా ఒకసారి లష్కర్ నుంచి, అంటె సికింద్రాబాద్ దండు నుంచి, తెల్ల దొరలు వచ్చి మాతోటి పందెం ఆడేటోళ్లు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. ఏటా మేమే ఓడేది. ఎందుకంటరా, వాళ్ల ఫౌల్‌కు మేము మాఫ్ అనేటోళ్లం, వాళ్లు థాంక్యూ అనేటోళ్లు. మా ఫౌల్‌కు వాళ్లు ఏమీ అనకపోయేది, ముల్లు జరుపమని నా దిక్కు చూసేటోళ్లు. మేము మర్యాదల గెలిచి ఆటల ఓడేది. సర్కారు వాళ్లకు బిర్యానీ పెట్టి పంపేది.

ఆ ఏడు మొదటి ఆట సర్కారు ఓడిన్రు, ఎంతో అందంగ. రెండోది ఆ ఏడే జట్టుల చేరిన మాస్టరుగారు గెలిచిన్రు, ఎవరికీ మాఫ్ అనకుండ. చరిత్రల మొదటిసారి పందెం సమానమైంది. మూడో ఆట సర్కారు బామ్మర్ది ఆడాలె. ఆయన కడుపు పట్టుకొని పండుకున్నడని కబురొచ్చింది. పొద్దున తిన్న నిహారీ మాంసం అని ఒకరు, కప్తాన్ దొర పేరు విన్నందుకని ఒకరు అనుకున్నరు. కప్తాన్ దొర వాళ్లల్ల అందరికన్న దిట్ట. ఆరడుగుల మనిషి, ఎర్ర మొఖం, నవ్వితె పిల్లగాని లెక్క ఉండె.

"మా మనిషి లేడు. ఆట మీదే" అనేటందుకు సర్కారు చెయ్యి గుండె మీదికి పోతున్నది. మాస్టరుగారు లేచిన్రు.

"మన మార్కర్ ఆడతాడండీ."

దొరలల్ల పెద్దాయన ఇంగ్లీషుల ఏదో అన్నడు. మాస్టరుగారు నాకు చెప్పిన్రు: "జీతగాళ్లతో పోటీ ఆడటం వాళ్ల పద్ధతి కాదట."

నేను బ్రష్షు పట్టుకొని గోడకు అతుక్కున్న. సర్కారు నా దిక్కు చూసిన్రు, దొరల దిక్కు చూసిన్రు. పాన్ నమిలిన్రు. మింగిన్రు. ఆయన పాన్ మింగుడు నేను అదే మొదలు చూసుడు.

"ఇటు రా" అన్నరు. "నిన్ను ఖారిజ్ చేసిన."

"సర్కార్?"

"కొలువు లేదు నీకు. ఈ నిమిషం నుంచి నువ్వు ఎవరి జీతగానివి కావు. కట్టె తీస్కో."

బ్రష్షు కిటికీల పెట్టిన. "గెలిస్తె సర్కార్?"

"గెలిస్తె మాట్లాడుకుందాం."

"ఓడితె?"

"ఓడితె మాట్లాడుకునేటందుకు ఏముంటది బేటా."

కప్తాన్ దొర నవ్వి, సరే అన్నడు. వాళ్ల పెద్దాయన సుత తల ఊపక తప్పలేదు. జీతం లేనోడు వాళ్ల లెక్కల పెద్దమనిషి. నేను క్షణంల పెద్దమనిషినైన, ఇంట్ల పొయ్యి ఆరే పద్ధతిల.

పెద్దమనిషంటె షేర్వానీ ఉండాలె. బామ్మర్దిది బీరువాలకెళ్లి తెచ్చి తొడిగిన్రు. దాంట్ల నేను పోంగ ఇంకో మార్కర్ పట్టేటంత జాగ మిగిలింది. చేతులు వేళ్ల దాక వచ్చినయి. మా నాయన చూస్తె, ఆట మానేసి ముందు ఆ చేతులు కత్తిరిద్దామనేటోడు.

మార్కర్ లేడు కాబట్టి మాస్టరుగారు బోర్డు దగ్గర నిలబడ్డరు. ఆట మొదలైంది. నా బతుకుల ఆ గదిల పదిమంది ముందర నేను బల్ల వంక ఆటగానిగ వంగింది అదే మొదలు. కాని నోరు, చెయ్యి ఇంకా కొలువులనే ఉన్నయి. కప్తాన్ దొర నీలం బంతి పాకెట్ల ఏస్తె నేను ఉరికిపోయి తీసి దాని జాగల పెట్టిన. ఆయన పాయింట్లు నేనే అరిచిన. ఆయన చాక్ కింద పడితె వంగి తీసి, షేర్వానీకి తుడిచి ఇచ్చిన. ఆయన ఒక బంతి వెంట్రుకవాసిల తప్పితె "హార్డ్ లక్ సర్" అని మనసార బాధపడ్డ.

"అరె, నువ్వు ఖారిజ్ అయినవు రా" అని వెనక నుంచి సర్కారు అన్నరు. "జర యాదుంచుకో."

"యాదున్నది సర్కార్, చేతులకే లేదు."

అందరు నవ్విన్రు. కప్తాన్ దొర సుత నవ్విండు. నవ్వుకుంటనే మస్తు ఆడిండు. ఆయన కొట్టుడు చూస్తుంటె దువ్వెనతోటి తల దువ్వినట్టుండె, ఒక్క బంతి అటిటు పోలేదు. కాని నాకు ఆ బల్ల తెలుసు. ఎర్రబంతులు ఒకటొకటే తీసుకుంట నేను వెంబడించిన. రంగులు వచ్చేసరికి దగ్గర దగ్గర ఉన్నం. చివరికి బల్ల మీద తెల్లది కాక రెండే మిగిలినయి, గులాబీ, నలుపు. నేను మూడు పాయింట్లు ముందున్న. గులాబీ కొడితె ఆట దాదాపు నాది. సర్కారు లేచి నిలబడ్డరు. గులాబీ బంతి దూరంగ మూల పాకెట్ దిక్కు ఉన్నది. తెల్ల బంతి పక్కనే నలుపు. దాని మీదికెళ్లి చెయ్యి పెట్టి వంగాలె.

వంగిన. షేర్వానీ చెయ్యి జారి నల్లబంతికి తగిలింది. బంతి కదిలింది, నువ్వుగింజంత. ఎవరు చూడలేదు. కప్తాన్ దొర కట్టె కొన చూసుకుంటున్నడు. మాస్టరుగారు అద్దాలు తుడుచుకుంటున్నరు. సర్కారు కండ్లు గులాబీ మీద ఉన్నయి.

అప్పుడు నా నోరు, మార్కర్ నోరు, దానంతటదే అరిచింది: "ఫౌల్, ఏడు."

గదిలోళ్లందరు ఎవరిదని అటిటు చూసిన్రు. నేను సుత చూసిన. చూస్తె నాదే. ఇన్నేండ్లు అందరి ఫౌళ్లు అరిచిన నోరు, ఆడుతున్నది దాని యజమానే అని దానికేమెరుక. ఈ ముక్క చెప్పినప్పుడల్ల అమీర్‌పేట చాయ హోటళ్లల జనం కప్పులు కింద పెట్టి నవ్వేటోళ్లు.

మాస్టరుగారు ముల్లు జరిపేటందుకు చెయ్యి ఎత్తిన్రు. అంతల కప్తాన్ దొర ముందుకొచ్చిండు. ఏటా వచ్చి మా పద్ధతి చూసిండు కద, మంచి మనసు. చెయ్యి గుండె మీద పెట్టుకొని, తల వంచి, దొరల యాసల "మాఫ్" అన్నడు.

వాహ్ వాహ్ అని అందరు చప్పట్లు కొట్టిన్రు. దొర నోట మాఫ్ వచ్చుడు ఆ బంగళాల అదే మొదలు. సర్కారు కండ్లల నీళ్లు. మాస్టరుగారి చెయ్యి గాలిల ఆగిపోయింది. నేను సలాం చేసి దెబ్బ మళ్ల కొట్టుకుంటె అయిపోయేది. గులాబీ, గెలుపు, కొలువు, అన్ని ఆ సలాం దూరంల ఉన్నయి.

"వద్దు సర్" అన్న. "మాస్టరుగారూ, ఏడు జరపండ్రి."

చప్పట్లు ఆగినయి. సర్కారు మొఖం ఎర్రగైంది. "మెహమాన్ ఇచ్చిన ఇజ్జత్ వాపస్ చేస్తున్నవా? ఇదేం తమీజ్?"

"సర్కార్, తమరు తమరు మాఫ్ ఇచ్చుకుంటె అది ఇజ్జత్. నాకిస్తె బక్షీస్ అయితది. నౌకరైతె కండ్లకద్దుకొని తీసుకుంటుంటి. మీరే ఖారిజ్ చేసిన్రు కద."

ఇంత పెద్ద మాట నా నోట ఎట్లొచ్చిందో నాకే తెల్వదు. మాస్టరుగారు కప్తాన్ దొరకు ఇంగ్లీషుల చెప్పిన్రు, మెల్లగ, ఒక్క మాట విడువకుండ. దొర విన్నడు. గుండె మీది చెయ్యి కిందికి దించిండు. నా దిక్కు చూసి, ఈసారి నవ్వకుండ, తల ఊపిండు. ఒక ఆటగాడు ఇంకో ఆటగానికి ఊపే తల ఎట్లుంటదో నాకు అప్పుడు ఎరుకైంది. అంతకుముందు నాకు తలలూపింది చాక్ అందుకునేటందుకే.

ముల్లు జరిగింది. ముందున్నోణ్ణి నాలుగు వెనకబడ్డ. ఇగ కొట్టే వంతు దొరది.

ఆయన దయతలిచి ఆడలేదు. నాకు అదే నచ్చింది. పూర్తి గురి పెట్టి గులాబీని కొట్టిండు. అది పాకెట్ పెదవి దాక పోయి, లోపటికి తొంగి చూసి, భయపడ్డట్టు ఆగింది. "హార్డ్ లక్ సర్" అన్న. ఈసారి నిజంగ బాధపడలేదు.

ముందు షేర్వానీ విప్పి కుర్చీ మీదేసిన. లోపలి అంగీ మా నాయన కుట్టిందే, చేతులు సరిగ్గ మణికట్టు దగ్గర ఆగినయి. గులాబీ పడ్డది. రెండు ముందుకొచ్చిన. నలుపు మిగిలింది. అది ఎవరిదైతె ఆట వాళ్లది. నలుపు బల్ల ఈ కొసకు, తెల్లది ఆ కొసకు. ఊపిరి పట్టి కొట్టిన. నల్లబంతి బనాతు మీద పోతుంటె చప్పుడే లేదు. సోడాసీసా గోలీ లెక్క తిరుక్కుంట, పాకెట్ నడుమల, అంచుకు సుత తగలకుండ పడ్డది. ఆ శబ్దం నాకు ఇప్పటికి చెవుల ఉన్నది. ఆ గదిల నేను లెక్కలేనన్ని బంతులు పడంగ విన్న. కాని నా గెలుపు బంతి పడంగ అందరు వినుడు అదే మొదలు.

ముందు కట్టె నేలకు కొట్టి మెచ్చుకున్నది కప్తాన్ దొర. తర్వాత వాళ్ల పెద్దాయన. మాస్టరుగారు గుండీ విప్పుకొని ఊపిరి తీసుకున్నరు. ఆయన మెడ చూసుడు అప్పుడే. సర్కారు వచ్చి నా రెండు భుజాలు పట్టుకున్నరు.

"మాట్లాడుకుందాం అన్న కద. ఏం కావాలె చెప్పు."

"కొలువు సర్కార్."

"అది ఇచ్చిన. ఇంకా?"

"వారానికి ఒకరోజు ఖారిజ్ చెయ్యండ్రి."

నవ్వి నవ్వి ఆయన మళ్ల కూసున్నరు. అప్పటి నుంచి ప్రతి ఐతారం పొద్దున నన్ను ఖారిజ్ చేసేటోరు, సాయంత్రం కొలువుల పెట్టుకునేటోరు. ఖారిజ్ అయిన రోజు నేను కుర్చీల కూసుండి చాయ తాగి, సర్కారును ఓడగొట్టేటోణ్ణి.

అసలు గెలుపు తర్వాత వారం వచ్చింది. సర్కారు ఆడుకుంట తప్పు బంతిని తాకించిన్రు. ఎదుటి దోస్తు చెయ్యి గుండె మీదికి పోతున్నది. సర్కారు వేలెత్తి ఆపిన్రు. గొంతు సవరించుకొని, పెండ్లిల మొదటిసారి పెండ్లాం పేరు చెప్పే కొత్త పెండ్లికొడుకు లెక్క సిగ్గుపడుకుంట, "ఫౌల్... నాలుగు" అన్నరు. నేను ముల్లు జరిపిన. మళ్ల వెనకకు జరపలేదు. ఆ ఆట సర్కారు ఓడిన్రు. దోస్తు వణికిపోయిండు. సర్కారు మాత్రం ఇన్నేండ్లకు నిజంగ ఆడినట్టున్నదని రెండు పాన్లు ఎక్కువ తిన్నరు. మాఫ్ అనే మాట మెల్లమెల్లగ ఆ గదిలకెళ్లి పోయింది.

తర్వాత జాగీర్లు పోయినయి, బంగళా చేతులు మారింది, బల్ల అమీర్‌పేటల ఒక ఆటల గదికి వచ్చింది, దాని వెంబడి నేను సుత. అక్కడ మీ వయసోళ్లు ఆడుతుంటె చూసిన. "తగిలింది భాయ్", "తగల్లే, కండ్లు చూపించుకో" అని కాలర్లు పట్టుకుంటరు, కట్టెలు విసిరేస్తరు, గంటకు మళ్ల ఒకే సైకిల్ మీద పోతరు. మీకు మర్యాద తెల్వదని నా ఈడోళ్లు ఏడుస్తరు. నేను ఏడువను. మా కాలం మర్యాద ఎవరికి దక్కేదో, ఎవరికి మర్చిపోయేటోళ్లో నేను బోర్డు దగ్గర నిలబడి చూసినోణ్ణి. మీరు కొట్లాడుకుంటరు గాని సమానంగ కొట్లాడుకుంటరు. కాని ఒక్కటి. చూసినోడు చెప్పేదాక ఆగుడు ఆట కాదు. తగిలిందని ముందు తెలిసేది తగిలిన చెయ్యికే.

ఇగ ఒట్టు వేసిన కాబట్టి చెప్పక తప్పదు. దీంట్ల ఒక్క ముక్క నేను కల్పించిన. ఎద్దులు కాదు, విమానం కాదు, వాటి జోలికి రాకండ్రి. నోరు దానంతటదే అరిచిందని రాసిన కద, అది అబద్ధం. నల్లబంతి కదిలినంక నేను లేచి నిలబడి కట్టెకు చాక్ రాసుకున్న. అప్పటికే రాసి ఉన్నది, మళ్ల రాసిన. ఎవరు చూడలేదని ఒకరి తర్వాత ఒకరి మొఖం చూసి ఖాయం చేసుకున్న. మా నాయన కండ్లు యాదికొచ్చినయి, పొయ్యి యాదికొచ్చింది. అంతా యాదికొచ్చినంక, నోరు గట్టిగ మూసుకుందామని ఒకసారి అనుకున్నంక, అన్న. నేను నిజాయితి చేసిన అని చెప్పుకుంటె చాయ హోటల్ల ఎవడు కూసుంటడు? నోరు జారిందంటె నవ్వుకుంట ఇంకో కప్పు తాగుతరు. అందుకని ఇన్నేండ్లు ఆ నోటి మీద తోసిన. జారింది ఏమీ లేదు. ఆ మాట నేను తెలిసి అన్న.